దయ్యపుకథా శిల్పము: ‘అట’ అను మాట

దయ్యపుకథ వ్రాయుట నేర్పదగిన విద్య యగునా అని అడిగినచో మన శాఖలలోని పెద్దలు చాలమంది చిరునవ్వు నవ్వి ఊరకుందురు. కథానికా శిల్పమును గూర్చి మనము పాఠములు చెప్పుచున్నాము. పరీక్షలయందు ప్రశ్నలు ఇచ్చుచున్నాము. గురజాడవారి ‘దిద్దుబాటు’ (1910) మొదటి కథయా, భండారు అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ (1902) మొదటి కథయా అని వాదించుకొనుటకు మనకు కావలసినంత తీరిక కలదు. కాని ఒక విద్యార్థి వచ్చి, ‘అయ్యా, దయ్యపుకథలు వ్రాయుట నేర్చుకొనవలెనని యున్నది, ఏమి చదువుమందురు?’ అని అడిగినచో ఆతనికి దారి చూపగలవారము కాము. ఈ ప్రక్రియను కొంత పిల్లల పత్రికలకును, కొంత వారపత్రికల నవలలకును, మిగిలినది చలనచిత్రములకును అప్పగించి మనము చేతులు కడుగుకొన్నాము.

ఇది పొరపాటని నా అభిప్రాయము. దయ్యపుకథా రచన నేర్పవచ్చును; నేర్పవలెను కూడ. అందు నేర్పదగిన అంశములు పెక్కులున్నను మూలమైనది ఒక్కటే. దానిని పరదేశమునుండి తెచ్చుకొన నక్కరలేదు. ప్రతి తెలుగువాని నోటను దినమునకు నూరుమారులు వెలువడు ‘అట’ అను రెండక్షరముల మాటలో అది ఉన్నది.

ముందు ‘దయ్యము’ అను మాటను గూర్చి కొంత చెప్పవలెను. ఇది ‘దైవ’ శబ్దభవము. ప్రాచీన కావ్యములలో దయ్య మనగా దైవమే, విధియే. ఆ మాట ఎన్నడు ఆకాశమునుండి దిగి చింతచెట్టు ఎక్కినదో అర్థవిపరిణామమును పరిశోధించువారు చెప్పవలెను. ఈ వ్యాసములో దయ్యపుకథ యనగా, చనిపోయినవారు బ్రతికియున్నవారికి ఎదురుపడుటయు, ఆ ఎదురుపాటు నిజమో భ్రమయో తేలక బ్రతికియున్నవాని మనస్సు కలతపడుటయు ప్రధానవస్తువుగా గల కథ అని గ్రహింపవలెను. రాక్షసుని చంపిన కథయు, మాంత్రికుని జయించిన కథయు ఇందు చేరవు. బాలనాగమ్మ కథలోని మాయలమరాఠీ ఎంత భయంకరుడైనను బ్రతికియున్న మాంత్రికుడే కాని దయ్యము కాడు. ఈ భేదము ఇప్పుడు స్వల్పముగా కనబడవచ్చును. ముందు దీనితో పని పడును.

ఈ లక్షణమును పట్టుకొని మన ప్రాచీన వాఙ్మయమును చూచినచో ఒక విచిత్రము కనబడును. పిశాచములకు మనకు కొదవ లేదు; దయ్యపుకథ మాత్రము లేదు. భారతీయ కథకు పుట్టినిల్లు గుణాఢ్యుని బృహత్కథ. అది పైశాచీ భాషలో వ్రాయబడినదని సంప్రదాయము. కాణభూతి యను పిశాచము చెప్పగా వినిన గుణాఢ్యుడు వింధ్యాటవిలో తన రక్తముతో ఏడు లక్షల శ్లోకములు వ్రాసెననియు, సాతవాహన రాజు దానిని తిరస్కరింపగా ఒక్కొక్క పత్రమును మృగములకు చదివి వినిపించి అగ్నిపాలు చేసెననియు, కడపట ఒక లక్ష మాత్రము మిగిలెననియు పదునొకండవ శతాబ్దివాడైన సోమదేవుడు కథాసరిత్సాగరమున చెప్పినాడు. మన సంప్రదాయమున పిశాచము పాత్ర కాకముందే కథకుడని దీనివలన తేలుచున్నది. బేతాళుడును అట్టివాడే. అర్ధరాత్రమున శ్మశానము, చెట్టున వ్రేలాడు శవము, దానిని భుజమున వేసికొని నడచు రాజు: దయ్యపుకథకు కావలసిన సామగ్రి యంతయు అక్కడ సమకూడినది. కాని శవములోని బేతాళుడు నోరు విప్పగనే వెలువడునది చిక్కుప్రశ్న. రాజు దానికి ధర్మశాస్త్ర పండితునివలె సమాధానము చెప్పును. శ్మశానము న్యాయసభ అగుచున్నది. 1947 జూలైలో వెలువడిన ‘చందమామ’ తరువాతి కాలమున ఈ బేతాళుని ఇంటింటికి చేర్చినది. ఆ బొమ్మను చూచుచు పెరిగిన తరములవారిని నేను అడిగి చూచినాను. వారికి జ్ఞాపకమున్నది ప్రశ్నయే కాని భయము కాదు.

దీనికి కారణము నాట్యశాస్త్రమున దొరకును. భరతుడు భయానకమును ఎనిమిది రసములలో ఒకటిగా చెప్పి, నలుపు దాని వర్ణమనియు, కాలుడు దాని అధిదేవత యనియు నిర్ణయించినాడు. ఆతడు చెప్పిన విభావముల పట్టిక నేటి దయ్యపుకథా రచయితకు కూడ పనికివచ్చును. వికృతమైన ధ్వనులు, భూతదర్శనము, నక్కల కూతలు, గుడ్లగూబల అరపులు, పాడుపడిన ఇల్లు, అడవి, తనవారి చావును లేదా బంధనమును చూచుట, దానిని వినుట. ఈ పట్టికలో ‘వినుట’ చేరినదని గమనింపవలెను. చూడనిది, ఒకరు చెప్పగా వినినది సైతము భయహేతువని ఆతడు ఎరుగును. ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని భయము స్త్రీలకును నీచప్రకృతులకును సహజమనియు, ఉత్తములకు అది గురువులయెడ, రాజులయెడ కల్పించుకొనునట్టిదే యనియు చెప్పి శాస్త్రము ఒక తలుపు మూసివేసినది. నాయకుడు భయపడరాదు. భవభూతి మాలతీమాధవము అయిదవ అంకమున మాధవుడు శ్మశానమునకు పోయి భూతములకు నరమాంసము అమ్మజూపును. ఆ భూతవర్ణన సంస్కృత సాహిత్యమున సాటిలేనిది. చదువరికి జుగుప్స కలుగును, ఆశ్చర్యము కలుగును. మాధవునికి మాత్రము భయము లేదు. నాయకునికే లేనప్పుడు చదువరికి ఎక్కడినుండి వచ్చును?

తెలుగు రంగస్థలమున శ్మశానము మరియొక దారి త్రొక్కినది. హరిశ్చంద్ర నాటకమున కాటిసీను రాగానే ప్రేక్షకులు వేదాంతము వినుటకు సిద్ధపడుదురు. జాషువాగారి శ్మశాన పద్యములను నటులు ఆ రంగమున చేర్చి పాడిన తరువాత, ఆ చోటు కరుణకును నిర్వేదమునకును నిలయమైపోయినది. తెలుగు ప్రేక్షకుడు కాటిలో కన్నీరు పెట్టును, భయపడడు. ఇది లోపమని నేననను. శాస్త్రమును, రంగస్థలమును కలసి మన శిష్టసాహిత్యమున భయమునకు చోటు లేకుండ చేసినవని మాత్రమే నా తాత్పర్యము.

ఆ చోటు దొరుకుటకు భయపడుటకు అర్హత గల ఒక క్రొత్త మనుష్యుడు పుట్టవలసివచ్చెను. ఆతడు పందొమ్మిదవ శతాబ్దిలో పుట్టినాడు. ఇంగ్లీషు చదువు చదివినాడు, కచ్చేరీలో ఉద్యోగము చేయుచున్నాడు, దయ్యములు లేవని సభలో వాదింపగలడు. ఇట్టివాడు భయపడినచో అది వార్త. రవీంద్రనాథ ఠాకూరు ‘క్షుధిత పాషాణము’ (1895) ఇట్టివాని కథ. అందలి ప్రధానపాత్ర నిజాము సర్కారులో ప్రత్తిపన్ను వసూలు చేయు ఉద్యోగి యగుట మన ప్రాంతమువారికి ప్రత్యేకముగా ప్రీతి కలిగించు విషయము. కథలోని పాలరాతి మహలునకు మాత్రము ప్రేరణ అహమ్మదాబాదులోని షాహీబాగు భవనము. 1878లో న్యాయాధికారియైన అన్న సత్యేంద్రనాథునితో యువకుడైన రవీంద్రుడు అక్కడ నివసించినాడు. కథలో ఈ ఉద్యోగి పగలు దొరవలె దుస్తులు ధరించి ప్రత్తిలెక్కలు చూచును. రాత్రి ఆ మహలులో అలంకరించుకొని, రెండువందల యేండ్లకు పూర్వపు నవాబు వలె తిరుగును. నదీతీరపు మెట్లమీద కంటికి కనబడని స్త్రీల అడుగుల సవ్వడి వినును. మెహర్ అలీ యను పిచ్చివాడు వేకువను భవనముచుట్టు తిరుగుచు, దూరముగా తొలగుడనియు, అంతయు బూటకమనియు అరచును. ఈ కథ కంతకు ఏకైక యథార్థవాది ఆ పిచ్చివాడే!

ఇది పండితు లెరిగిన కథయే. నేను చెప్పదలచినది దాని చట్రమును గూర్చి. కథను మనకు చెప్పువాడు ఆ ఉద్యోగి కాడు. పూజసెలవుల ప్రయాణమునుండి తిరిగివచ్చుచున్న ఇద్దరు బంధువులకు రైలులో ఒక అపరిచితుడు తారసపడును. సర్వమును తెలిసినవానివలె మాటలాడును. బండి మారవలసిన స్టేషనులో రాత్రి వేచియుండగా ఆతడు ఈ కథ చెప్పును. పారసీక బానిసపిల్ల వృత్తాంతము ఆరంభించుచుండగా రైలు వచ్చును. మొదటి తరగతిలోని దొర యొకడు ఆతనిని గుర్తించి పిలువగా ఆతడు ఎక్కిపోవును. మిగిలిన కథ ఎవరికిని తెలియదు. వినినవారిలో ఒకడు మనలను మోసగించినాడనును. దివ్యజ్ఞాన సమాజమునందు విశ్వాసము గల రెండవవాడు నమ్మును. ఈ వివాదముతో బంధువు లిద్దరకు శాశ్వతముగా చెడును. మహలులోని స్త్రీల సవ్వడికంటె ఈ కడపటి వాక్యములే నన్ను ఎక్కువ కలవరపరచినవి. దయ్యము ఉన్నదో లేదో తేలలేదు. రెండు నిజమైన హృదయములు మాత్రము విడిపోయినవి. కథ యంతయు వినికిడి. దానిని తెలుగున ఒక్క మాటలో చెప్పవలెనన్నచో, కథ యంతయు ‘అట’.

ఇక ‘అట’ సంగతి. వ్యాకర్తలు దీనిని పరోక్తి సూచకమని, వినికిడి నర్థముగా గల అవ్యయమని చెప్పి ముందుకు పోవుదురు. ‘వచ్చెనట’ అనినప్పుడు వక్త మూడు పనులు చేయుచున్నాడు. తాను చూడలేదని చెప్పుచున్నాడు; చూచినవారు ఎవరో ఉన్నారని చెప్పుచున్నాడు; నమ్ముటయు మానుటయు నీ యిష్టమని శ్రోతకు విడిచిపెట్టుచున్నాడు. ఇది తెలుగున కొక్కదానికే చెందిన సంపద కాదు. తమిళమున ‘ఆమ్’, కన్నడమున ‘అంతె’, మలయాళమున ‘అత్రే’ ఈ పనినే చేయును. మరాఠీకి ‘మ్హణే’, బంగాళీకి ‘నాకి’, నేపాలీకి ‘రే’, సింహళమునకు ‘లు’ కలవు. సంస్కృతమున ‘కిల’ ఇట్టిదే. హిందీవారు ‘కహతే హైఁ’ అని ఒక వాక్యమునే వెచ్చించి ఈ పని జరుపుకొందురు. వినినదానిని చూచినదానినుండి వేరుచేయు మాట ఈ ఉపఖండమున ఇంత వ్యాప్తమై యుండగా మన కథాశిల్ప గ్రంథములు దీనిని ప్రస్తావింపకుండుట వింతగా నున్నది. బహుశః ఆ గ్రంథములలో అధికభాగము ఇంగ్లీషు పుస్తకముల ననుసరించి వ్రాసినవగుట కారణము కావచ్చును. ఇంగ్లీషులో ఇట్టి మాట లేదు.

మన పల్లెలలో దయ్యపు ముచ్చట ఎట్లు నడచునో గమనింపుడు. అందరును వినిన కథనే తీసికొందము. పొరుగూరి సంతనుండి ఒకడు రాత్రి బండి తోలుకొని వచ్చుచుండగా దారిలో ఒక మనిషి చుట్టకు నిప్పు అడుగును. బాగుగ చెప్పనేర్చిన ముసలమ్మ దీనిని ఇట్లు చెప్పును: అమావాస్యనాడు బయలుదేరినాడట. ఎడ్లు మర్రిచెట్టు దగ్గర నిలిచిపోయినవట. ఎవరో ప్రక్కన నడచుచున్నట్లు అనిపించినదట. చుట్టకు నిప్పు ఉన్నదా అని అడిగినారట. వీడు అగ్గిపుల్ల గీచినాడట. ఆ వెలుగులో క్రిందికి చూచినాడు. పాదములు వెనుకకు ఉన్నవి.

కడపటి రెండు వాక్యములలో ‘అట’ లేదు. అంతవరకు నమ్రతతో, ఎవరో చెప్పిన మాటగా సాగిన కథ ఆ అగ్గిపుల్ల గీచినచోట హఠాత్తుగా ప్రత్యక్షమైనది. ముసలమ్మ తానే బండిలో నున్నది. మనలను కూడ ఎక్కించినది. మరుక్షణమున ఆమె తిరిగి ‘అట’లోనికి పోవును: వాడు మూడు దినములు జ్వరపడినాడట, తరువాత బ్రతికినాడో లేదో. నేను వినిన మంచి కథకుల నోట ఈ జారుట తరచుగా కనబడినది. సామాన్య కథకులు రెండు విధముల చెడుదురు. కొందరు మొదటినుండియు ‘అట’ లేకుండ, తామే చూచినట్లు చెప్పుదురు, మనము నమ్మము. కొందరు కడవరకు ‘అట’ను విడువరు, మనము భయపడము. ఎక్కడ విడువవలెనో తెలిసికొనుటలో ఈ శిల్పములో సగము ఉన్నదని నా నమ్మకము.

ఈ మాటకు మరియొక గుణము కలదు. సాధారణముగా ఉత్తమపురుషతో ఇది పొసగదు. తాను చేసినది తనకు తెలిసియుండును గదా! ‘నేను అన్నము తింటినట’ అని ఎవరును అనరు. అట్లనినచో ఏదో జరిగినదని అర్థము. పూనకము వచ్చిన స్త్రీ మరునాడు ‘నేను మగగొంతుతో మాటలాడితినట, నలుగురు పట్టినను ఆగలేదట’ అని చెప్పును. తన చేష్ట తనకు వినికిడియైనది. ‘ఆ రాత్రి నేనే లేచి తలుపు తీసితినట’ అను ఒక్క వాక్యముతో తెలుగు రచయిత దీపము ఆర్పకుండ, నక్కను కూయింపకుండ గదిని చల్లబరుపగలడు. ఇంగ్లీషు రచయితకు దీనికొక పుట కావలెను. ఇంతటి సాధనము మన చేతిలో నుండగా మన రచయితలు బావురుమను గాలితోను, టపటప కొట్టుకొను కిటికీలతోను ఏల కాలము గడుపుచున్నారో నాకు బోధపడదు.

ఠాకూరుగారి ‘మణిహార’ (1898) ఈ దృష్టితో చదువదగినది. బడిపంతులు నదీఘట్టమున ఒక అపరిచితునికి ఫణిభూషణుడను వర్తకుని కథ చెప్పును. నగలపై మిక్కిలి మమకారము గల భార్య మణిమాలిక వానితో మాయమైపోవును. ఒక రాత్రి నగల గలగల, ఎముకల టకటక నదిమెట్ల మీదుగా వచ్చి వాకిటి తలుపు దగ్గర ఆగును. మరురాత్రి తలుపు తెరచియుంచగా గది గడపవరకు వచ్చును. మూడవరాత్రి లోనికి వచ్చును. ధ్వని ఒక్కొక్క మెట్టు ఎక్కుటయే ఇచ్చటి కథాగమనము. కథ ముగిసిన పిదప వినినవాడు తన పేరే ఫణిభూషణుడని చెప్పి, తన భార్య పేరు వేరని తెలుపును. చెప్పినవాడు అబద్ధమాడెనా, వినినవాడా? పంతులుగారి ‘అట’ శ్రోత ముఖముమీదనే పగిలినది. సత్యజిత్ రాయ్ 1961లో దీనిని ‘తీన్ కన్య’లో ఒక భాగముగా తెరకెక్కించినాడు.

దక్షిణమున వైకం ముహమ్మద్ బషీర్ ‘నీలవెలిచ్చము’ ఇంతకంటె సాహసము గల కథ. రచయితయైన కథకుడు ఒంటరిగా ఒక ఇల్లు అద్దెకు తీసికొనును. బావిలో పడి చనిపోయిన భార్గవి యను యువతి అక్కడ తిరుగునని ఊరివారు చెప్పుదురు. అంతయు ‘అత్రే’. ఆతడు భయపడుచునే ఆమెతో ఒకవైపు సంభాషణ సాగించి, చనువు పెంచుకొనును. ఆమె ఒక్క మాటయు బదులాడదు. ఒక రాత్రి దీపములో నూనె అయిపోగా తెచ్చుకొనుటకు మిత్రుల గదికి పోయి తిరిగివచ్చును. ఆరిపోవుచున్న దీపము గదిని నీలికాంతితో నింపియుండును. అంతే. ఎవరును కనబడరు, ఎవరును పలుకరు. ‘అట’ విడిచిన ఆ ఒక్క క్షణమున రచయిత చూపినది భయమును కాదు, దయను. 1964లో బషీరే రచన చేసిన ‘భార్గవీనిలయము’ చిత్రములో ఈ నిశ్శబ్దమునకు పాటలు, హత్య, విలన్ చేరినవి. ఆ చిత్రమునందలి సొగసు వేరు.

విజయదాన్ దేథా రాజస్థానీ జానపద కథనుండి మలచిన ‘దువిధా’లో భూతము భర్త రూపు ధరించి వచ్చును, వచ్చి, నేను నీ భర్తను కాను, భూతమును అని నవవధువునకు నిజము చెప్పివేయును. భూతమే తన ‘అట’ను తానే త్రెంచుకొన్న అరుదైన ఘట్టమిది. తమిళమున పుదుమైప్పిత్తన్ ‘కాంచనై’ (1943)లో రచయితయే కథకుడు. రాత్రివేళ మేల్కొలిపిన ఒక వాసనతో భయము ఆరంభమగును. వీనిని గూర్చి విస్తరింపను. ఈ నాలుగు భాషల కథలలోను భయపడువాడు చదువుకొన్నవాడో, లోకవ్యవహారము తెలిసినవాడో, లేక నిజము తెలిసియు నిలుచుండిపోయిన స్త్రీయో యగుట గమనార్హము. భరతుడు మూసిన తలుపును వీరు తెరచినారు.

కొందరు మిత్రులు దయ్యపుకథ యనగా రక్తము, కుళ్లిన దేహము, ఊడిన కనుగ్రుడ్డు అని తలంతురు. అది బీభత్సము, దాని స్థాయి జుగుప్స. శాస్త్రకారులు దానికి వేరు వర్ణమును, వేరు అధిదేవతను చెప్పినది ఊరక కాదు. జుగుప్స కలిగినవాడు కన్నులు మూసికొనును. భయము కలిగినవాడు కన్నులు మరింత తెరచును. చలనచిత్రములు ఈ రెంటిని కలగాపులగము చేసి మన యువరచయితల రుచిని పాడుచేసినవి.

నేను ఇంతగా ‘అట’ను పట్టుకొని వ్రేలాడుటకు రచనాశిల్పమును మించిన కారణమొకటి కలదు. మన దేశమున దయ్యములను గూర్చిన మాట ఎల్లప్పుడును కథగా ముగియదు. తెలంగాణమున బాణామతి, ఉత్తరాంధ్రమున చిల్లంగి, అంతటను చేతబడి యను పేర్లతో మనుష్యులను కొట్టిన, ఊరినుండి వెడలగొట్టిన, సజీవముగా కాల్చిన వార్తలు మన పత్రికలకు క్రొత్త కాదు. బాధితులు ముసలివారు, ఒంటరి స్త్రీలు, భూమి తగాదాలో ఎదుటిపక్షమువారు. 1999లో బీహారు, 2013లో మహారాష్ట్రము, 2017లో కర్ణాటకము ఇట్టి ఘోరములను నిరోధించు శాసనములు చేసినవి. మహారాష్ట్ర శాసనమునకై పోరాడిన నరేంద్ర దాభోల్కర్ 2013 ఆగస్టు 20న పుణ్యనగరమున హత్యకు గురియైన పిదపనే అది వెలుగు చూచినది.

ఆ ఘోరములు జరుగు విధమును భాషాదృష్టితో పరిశీలింపుడు. మొదట ‘వాని చూపు పడినదట’ అందురు. నాలుగు ఇండ్లు దాటునప్పటికి ‘వాడు ఏదో చేసినాడట’ అగును. సాయంకాలమునకు ‘వాడే చేసినాడు’. ఎవరును క్రొత్తగా ఏమియు చూడలేదు. ఒక అవ్యయము రాలిపోయినది, అంతే. రచ్చబండ దగ్గర గుంపు చేరుటకు అది చాలును. ముసలమ్మ ‘అట’ను విడిచినది తెలిసి, ఒక్క క్షణమునకు, మరల పట్టుకొనుటకు. గుంపు విడిచినది తెలియక, శాశ్వతముగా.

దయ్యపుకథకును చేతబడికథకును గల భేదము ఇక్కడ స్పష్టమగును. దయ్యపుకథలో అనుమానము చచ్చినవారిమీద. వారికి మన వలన హాని లేదు. చేతబడికథలో అనుమానము పొరుగింటివానిమీద. 1980 దశకమున వారపత్రికలలో క్షుద్రవిద్యల నవలలు వెల్లువెత్తినవి. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళము’ వానిలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. దానిపై నాడే తీవ్రమైన వాదోపవాదములు జరిగినవి. ఒక్క నవలను గూర్చి తీర్పు చెప్పుట నా ఉద్దేశము కాదు. ఆ తరగతి రచనలు పాఠకునకు నేర్పినది ఏమనగా, అంతుపట్టని ప్రతి జబ్బు వెనుకను ఒక శత్రువు ఉన్నాడనియు, వెదకినచో దొరకుననియు. కథ ముగియునప్పటికి సందేహము మిగులదు, దోషి మిగులును. కథాశిల్ప దృష్టితో ఇది లోపము. లోకదృష్టితో దీనిని లోపమని సరిపెట్టుకొనుట కష్టము.

అందుచేత, దయ్యపుకథలు నేర్పినచో మూఢవిశ్వాసములు పెరుగునను ఆక్షేపమునకు నా సమాధానము ఇది: సరిగా నేర్పినచో తరుగును. ‘అట’ విలువ తెలిసినవాడు ‘వాడే చేసినాడు’ అను వాక్యమును విని ఊరకుండలేడు. నీవు చూచితివా అని అడుగును. హేతువాదులు సభలు పెట్టి దయ్యములు లేవని చెప్పుట మంచిదే. కాని సభలో తల ఊపినవాడే రాత్రి చింతచెట్టు క్రిందినుండి పరుగెత్తును. ఆ పరుగును గూర్చి ఆతనితో మాటలాడగలిగినది కథ ఒక్కటే. శిల్పము నేర్పిన వచ్చునది కాదు, పుట్టుకతో రావలె నను రెండవ ఆక్షేపమునకు సమాధానము చెప్పుట అనవసరము. ఛందస్సును గూర్చియు అట్లే అనవచ్చును, అయినను మనము గణవిభజన నేర్పుచున్నాము.

నేర్పుట ఎట్లు? కేంబ్రిడ్జిలో వ్రాతప్రతుల పట్టికలు కూర్చిన యం. ఆర్. జేమ్స్ పండితుడు 1904లో తన దయ్యపుకథల మొదటి సంపుటమును ప్రకటించినాడు. ఆయన క్రిస్మసు రాత్రులలో మిత్రులకు చదివి వినిపించుటకై కథలు వ్రాయుచుండెను. వినిపించిన తరువాతనే అచ్చు. మన విద్యార్థికి కూడ మొదటి పాఠము చెవితోనే కావలెను. ఆతడు ఇంటికి పోయి తన నాయనమ్మనో మేనత్తనో అడిగి ఒక ముచ్చట విని, ఒక్క ‘అట’యు పోకుండ వ్రాసికొని రావలెను. తరువాత తరగతిలో దానిని ‘అట’లన్నియు తీసివేసి చదువవలెను, కథ ఎట్లు వార్తాపత్రికవలె చదునైపోవునో ఆతడే వినును. పిమ్మట తిరిగి పెట్టి, ఒక్కచోట మాత్రము తీసివేయవలెను. ఏచోట అనునది ఆతని నిర్ణయము. ఆ నిర్ణయమునకే మార్కులు. ఉత్తమపురుష ‘అట’తో ఒక పుట వ్రాయుమని చెప్పుట తరువాతి మెట్టు. ఇతర భాషల శాఖలు గల విశ్వవిద్యాలయములలో ఇదే అభ్యాసమును ‘ఆమ్’, ‘అంతె’, ‘మ్హణే’లతో చేయించి, ఒకే గదిలో చదివించినచో, అనువాదములో ఏమి పోవుచున్నదో అందరికిని తెలియును. క్షుధిత పాషాణమును తెలుగు చేయువాడు చట్రములోని వాక్యములకు ‘అట’ చేర్చవలెనా, కూడదా? నేను చేర్చరాదందును. అక్కడ చట్రమే ఆ పని చేయుచున్నది. సహోద్యోగులు కొందరు దీనికి సమ్మతింపలేదు; వాదము ఇంకను తేలలేదు.

కాని ఈ పాఠమునకు మూలసామగ్రి కొరత ఒకటి ఉన్నది. నేను చూచిన జానపద కథా సంకలనములలో పెక్కింట సంపాదకులు భాషను శుభ్రపరచుచు ‘అట’లను పునరుక్తి దోషముగా భావించి తొలగించినారు. ముసలమ్మ ఎక్కడ దానిని పట్టినదో, ఎక్కడ విడిచినదో అచ్చులో జాడ లేదు. చెప్పినవారిలో చాలమంది ఇప్పుడు లేరు. ఈ సంవత్సరము సేకరణకు పోవు మన పరిశోధకులు ధ్వనిముద్రణమునుండి వ్రాసికొనునప్పుడు ‘అట’లను ఉన్నవి ఉన్నట్లు ఉంచి, కథకుడు దానిని విడిచినచోట అంచున ఒక చుక్క పెట్టవలసినదిగా కోరుచున్నాను. అట్టి చుక్కలతో పది కథలు చేతికి వచ్చినచో వచ్చే విద్యాసంవత్సరమున పాఠము ఆరంభింపవచ్చును.